తలగుడ్డ : విశ్వాసము, వారసత్వము, సింగారము

గత సంవత్సరము బి.ఏ. ద్వితీయ సంవత్సరము తరగతిలో జాతీయములను బోధించుచుండగా "ముసుగులో గుద్దులాట" అను మాట వచ్చినది. అర్థము చెప్పితిమి. "ముసుగు తొలగినది" అనగా నిజము బయటపడినదనియు, "ముసుగు వేసికొన్నవాడు" అనగా కపటి యనియు మరి రెండు ఉదాహరణములను జోడించితిమి. అంతలో వెనుక వరుసనుండి ఒక విద్యార్థిని లేచి, "మేడం, తెలుగులో ముసుగంటే అన్నీ చెడ్డ అర్థాలేనా? మరి మీరూ మేమూ కప్పుకున్నదాన్ని ఏమనాలి?" అని అడిగినది. తరగతి నవ్వినది. మేమును నవ్వితిమి. కాని ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. ఈ వ్యాసము ఆ బాకీ తీర్చుకొను ప్రయత్నము.

ఆ అమ్మాయి పట్టుకొన్న సూక్ష్మము గమనింపదగినది. పురుషుడు తలకు గుడ్డ చుట్టినచో మన భాష దానికి పెద్దపీట వేసినది. తలపాగా గౌరవ చిహ్నము. "పాగా వేయుట" అనగా ఒకచోట స్థిరముగా నిలదొక్కుకొనుట. అదే గుడ్డను స్త్రీ తలపై కప్పుకొన్నచో అది దాపరికమైనది. కాని నిఘంటువును ఇంకొంచెము తిరుగవేసినచో మరియొక మాట కనిపించును. అది "కొంగు". కోరినది ఇచ్చు దైవమును, ఆదుకొను మనిషిని "కొంగుబంగారము" అందుము. మా దాదీ తన జీవితకాలమంతయు తలమీదినుండి తీయనిది ఈ కొంగునే. ఆమె ముసుగు వేసికొన్నదని ఊరిలో ఎవరును అనలేదు, కొంగు కప్పుకొన్నదనియే అనిరి. పొరుగింటి రెడ్లవారి ముసలమ్మయు పెద్దల యెదుట అట్లే కప్పుకొనెడిదట. రాజుల లోగిళ్ళలో, కొన్ని దొరల ఇండ్లలో "గోషా" ఉండెడిది. ఆ మాట పారసీకము, మూల యని దాని అర్థము. ఆచారము ఒకరిది, దాని పేరు వేరొకరిది. మన దేశములో ఇట్టి కలయికలకు కొదువ లేదు.

ముందు విశ్వాసము సంగతి. నేడు అందరి నోట నానుచున్న "హిజాబ్" అను పదము ఖుర్ఆనులో తలగుడ్డ అను అర్థమున రాలేదు. అది తెర, అడ్డు అను అర్థములలో వచ్చినది. తలగుడ్డకు అక్కడ వాడబడిన మాట "ఖిమార్". సూరా నూర్ 31వ వాక్యము విశ్వాసులైన స్త్రీలు తమ ఖిమార్లను వక్షస్థలముపైకి దించుకొనవలెనని చెప్పుచున్నది. దానికి ముందున్న 30వ వాక్యము పురుషులను ఉద్దేశించినది. మొదట చూపు దించుకొనవలసినది వారేనని అందులో ఆజ్ఞ. మన సభలలో 31వ వాక్యమును వినిపించు వక్తలు 30వ దానిని ఏల దాటవేయుదురో మాకు ఇంతవరకును బోధపడలేదు. జుట్టును కప్పుకొనవలెననుట పూర్వపండితులలో అధికసంఖ్యాకుల మతము. ముఖమును గూర్చి మాత్రము వారిలోనే భేదాభిప్రాయములు కలవు.

ఇది ఒక్క ఇస్లామునకే చెందిన ఆచారము కాదు. సంప్రదాయము పాటించు యూదు స్త్రీలు వివాహానంతరము జుట్టును కప్పుకొందురు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో 11వ అధ్యాయము స్త్రీలు ప్రార్థనవేళ తల కప్పుకొనుటను గూర్చియే చర్చించుచున్నది. ఆదివారమునాడు మన తెలుగు పల్లెలలోని ఏ చర్చిలోనికి తొంగి చూచినను, చీరకొంగు తలమీదికి తీసికొని మోకరించిన స్త్రీలు కనిపింతురు. గురుద్వారములో పురుషుడైనను సరే, తల కప్పుకొనక అడుగిడరాదు.

ఇక వారసత్వము. ఈ మాటకు మేము పుస్తకములను వెదకనక్కరలేదు, మా దాదీ పెట్టెను తెరచిన చాలును. అందులో ఒక రుమాలు ఉండెడిది. ఎరుపు, నలుపు, తెలుపు చదరముల నడుమ, నాలుగు మూలలను గడియారపు బొమ్మలు. దానిని విప్పగనే ఒక విధమైన నూనె కమురు వాసన వచ్చును. మా ముత్తాత చీరాలలో రుమాళ్ళ మూటలు కట్టు పనిలో ఉండెడివాడట. "ఓడెక్కకుండ మిగిలిన గుడ్డ ఇది" అని దాదీ చెప్పెడిది. అదియే తేలియా రుమాలు. తేలియా అనగా నూనెది. రుమాల్ అనగా పారసీకములో ముఖము తుడుచునది.

దీనిని నేయు విధానము తెలిసికొనదగినది. ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిదను నీటిలో కలిపి, తేర్చిన క్షారజలములో నూనె చేర్చి, ఆ మిశ్రమములో నూలును నానబెట్టి, పిసికి, ఎండబెట్టుదురు. మరల నానబెట్టుదురు, మరల ఎండబెట్టుదురు. ఇట్లు రెండుమూడు వారములు. అప్పుడు గాని నూలు రంగును గాఢముగా పట్టుకొనదు. తరువాత పడుగును పేకను రెంటిని ముందే లెక్కప్రకారము ముడులు కట్టి రంగులో ముంచుదురు. ముడి పడినచోట రంగు ఎక్కదు. మగ్గముపై పడుగు గుర్తు పేక గుర్తుతో సరిగా కలిసిననే బొమ్మ తేలును. ఒక్క పోగు జరిగినను గడియారము వంకరపోవును. పూర్వము ఎరుపును చిరువేరునుండి తీసెడివారు. 1868లో జర్మనీలో అలిజరిన్ అను వర్ణద్రవ్యమును కృత్రిమముగా తయారుచేసిన పిమ్మట క్రమముగా ఆ వేరును త్రవ్వువారు లేకపోయిరి. నూనె పట్టిన ఈ గుడ్డ ఎండలో తలకు చలువ చేయునని పేరు. అందువలననే అరబ్బు దేశములకు, ఏడెనుకు, తూర్పు ఆఫ్రికా రేవులకు ఇది ఎగుమతియైనది. అక్కడ పురుషులు పాగాగా చుట్టుకొనిరి. హైదరాబాదు నవాబుల అంతఃపురములలో స్త్రీలు దుపట్టాగా వేసికొనిరి. మా దాదీ పండుగనాడు మాత్రము కొంగుపై మరల ఈ రుమాలును కప్పుకొనెడిది. అది భక్తియా, చీరాల పుట్టింటి మురిపెమా, సింగారమా అని ఆమె నడిగినచో ఏమని చెప్పెడిదో! బహుశః "తలకు చలవే పిల్లా" అని తీసివేసెడిది.

తరువాతి కాలమున చీరాలలో ఈ విద్య సన్నగిల్లినది. పుట్టపాక, పోచంపల్లి ప్రాంతముల పద్మశాలీలు దానిని నిలిపిరి. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన్ గారికి 2011లో పద్మశ్రీ లభించినది. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు కలిగినది.

మన తీరము నుండి ఓడలెక్కిన గుడ్డ ఇదొక్కటియే కాదు. తెలుగు, తమిళ తీరగ్రామములలో నేసిన గళ్ళ రుమాళ్ళు చెన్నపట్టణము రేవు పేరిట "మద్రాసు రుమాళ్ళు" అని ప్రసిద్ధి కెక్కినవి. ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు వీనిని పశ్చిమ ఆఫ్రికాకు కొనిపోయిరి. అక్కడ వానిని ఇచ్చి మనుష్యులను కొన్న రోజులును కలవు. ఈ సంగతిని వ్రాయుటకు చేయి వెనుదీయుచున్నది గాని, దాచుట న్యాయము కాదు. నైజరు నదీముఖమున నివసించు కలబారి జాతివారు ఈ గుడ్డను "ఇంజిరి" అందురు. గోదావరీ తీరమున, యానాము సమీపమున, ఒకప్పుడు ఇంగ్లీషు కంపెనీ వర్తకస్థానమై యుండిన ఇంజరము పేరే అక్కడికి చేరినదని కొందరు పరిశోధకుల ఊహ. ఊహ యైనను తెలుగువారికి ముచ్చట గొలుపునది.

ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారు అట్లాంటికు సముద్రమునకు ఆవలి ఒడ్డున, చెరకు తోటలలో, ప్రత్తి పొలములలో పడిరి. వారి స్త్రీల తలలమీద మరల మన గళ్ళ గుడ్డయే కనిపించును. ఇచ్చటి కథను మాత్రము కొంచెము నిదానముగా చెప్పవలెను.

ఇప్పటి అమెరికాలోని లూసియానా ప్రాంతము 18వ శతాబ్దము చివర స్పెయిను ఏలుబడిలో ఉండెను. దాని ముఖ్యపట్టణము న్యూ ఆర్లియన్సులో బానిసత్వమునుండి విడుదలయైన నల్లజాతి స్త్రీలు, మిశ్రమజాతి స్త్రీలు పెక్కుమంది ఉండిరి. వారు వ్యాపారములు చేసిరి, ఇండ్లు కట్టుకొనిరి, జుట్టును ముత్యములతో ఈకలతో ముడిచి వీథులలో తిరిగిరి. ఇది తెల్లవారికి కంటగింపైనది. 1786లో గవర్నరు ఎస్తెబాన్ మిరో ఒక శాసనము చేసెను. ఈ స్త్రీలు తలపై ఆభరణములను, ఈకలను ధరింపరాదు, జుట్టును గుడ్డతో కట్టివేసికొనవలెను అని దాని సారాంశము. పొలములో పనిచేయు బానిస స్త్రీలు తలకు గుడ్డ కట్టుదురు గదా, స్వతంత్ర స్త్రీయు చూచువారికి అట్లే కనిపింపవలెనని ఆ ఆజ్ఞలోని ఉద్దేశము. ఆ తలగుడ్డకు అక్కడి పేరు టియాన్.

ఆ స్త్రీలు శాసనమును ధిక్కరింపలేదు. గుడ్డ కట్టుకొనిరి. అయితే సన్నని మేలైన గుడ్డలను ఏరుకొనిరి, మద్రాసు గళ్ళను ఏరుకొనిరి, ఎత్తుగా ముడులు వేసిరి, కొనలను పూరెక్కల వలె నిలిపిరి. చట్టము అక్షరాల అమలైనది, దాని ఉద్దేశము మాత్రము నెరవేరలేదు. 1803లో ఆ ప్రాంతము అమెరికా వశమైన పిమ్మట ఆ శాసనమునకు బలము పోయినది గాని, తలగుడ్డ పోలేదు. ఆజ్ఞ వెళ్ళిపోయినది, అలంకారము మిగిలినది.

కరీబియను దీవులలో ఈ విద్య మరింత పెరిగినది. మార్తినీకు, గ్వాదలూపు దీవులలో స్త్రీలు మద్రాసు గుడ్డ చదరములపై కుంచెతో పసుపు వన్నెను అద్దించి, బిగుసుకొనునట్లు చేసి, తలకు కట్టుకొనెడివారు. పైకి నిలిపిన కొనల సంఖ్యను బట్టి భావము. ఒక కొన యైనచో హృదయము ఖాళీగా ఉన్నదని, రెండైనచో మాట ఇచ్చివేసినదని, మూడైనచో వివాహితయని అక్కడివారు చెప్పుదురు. నాలుగు కొనలైనచో, ప్రయత్నించువానికి ఇంకను అవకాశమున్నదట! (ఈ వాక్యమును పత్రికా సంపాదకులు ఉంచుదురని ఆశింతుము.) సెయింటు లూసియా దీవిలో నేటికిని మద్రాసు గుడ్డ జాతీయ వేషములో భాగము. 1853లో మార్తినీకునకు, 1854లో గ్వాదలూపునకు మన దేశపు కూలీల ఓడలు చేరుట ఆరంభమైనది. తమ తీరపు గళ్ళ గుడ్డను అన్యదేశపు స్త్రీల తలలపై చూచి ఆ కూలీలు ఏమనుకొనిరో చరిత్ర వ్రాసిపెట్టలేదు.

పశ్చిమ ఆఫ్రికాలోనే నిలిచినవారి సంప్రదాయమును గూర్చి కొలదిగా చెప్పి ముగింతుము. నైజీరియాలోని యొరూబా స్త్రీల తలగుడ్డ పేరు "గెలె". పెండ్లికి, నామకరణమునకు గట్టి నేతగుడ్డను విసనకఱ్ఱ వలె విప్పార్చి కట్టుదురు. చేతిమగ్గముపై సన్నని పేలికలుగా నేసి అంచులు కలిపి కుట్టు "అషో-ఒకె" దానికి మిక్కిలి ప్రశస్తము. యొరూబాలలో ముస్లిములును క్రైస్తవులును కలరు. ఒకే కుటుంబములో ఇరువురును ఉండుట అక్కడ వింత కాదు. పెండ్లిలో అందరు స్త్రీలును ఒకే గుడ్డతో తల కట్టుకొని కూర్చున్నప్పుడు, ఎవరిది విశ్వాసమో ఎవరిది వారసత్వమో ఎవరిది సింగారమో చూచువాడు విడదీయలేడు. కట్టుకొన్న స్త్రీకి ఆ విడదీత అవసరము లేదు.

కాని ప్రభుత్వములకు అవసరము కలుగుచుండును. ఇరానులో 1936లో రజా షా స్త్రీల చాదరును, తలగుడ్డను నిషేధించెను. పోలీసులు వీథిలో లాగివేసిరి. అవమానము భరింపలేక ఎందరో స్త్రీలు గడప దాటుట మానిరి. 1979 విప్లవము తరువాత గాలి తిరిగినది. 1983 నాటికి తల కప్పుకొనకుండుట శిక్షార్హమైన నేరమైనది. 1936లో యౌవనవతియైన స్త్రీ రెండు శాసనములను తన ఒక్క జన్మలో చూచి యుండును. అప్పుడు గుడ్డ కొరకు ఇంట కూర్చున్న ఆమెయే, ఇప్పుడు గుడ్డ జారిన మనుమరాలి కొరకు భయపడవలసి వచ్చినది. 2022 సెప్టెంబరులో 22 సంవత్సరముల మహసా అమీనీ ఈ నియమము పేరిట నిర్బంధింపబడి మరణించినది. ఫ్రాన్సు 2004లో ప్రభుత్వ పాఠశాలలలో మతచిహ్నములు స్ఫుటముగా కనిపించు వేషమును నిషేధించినది. మన పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో 2022లో తరగతి గదిలో తలగుడ్డ విషయమై వచ్చిన వివాదమును మీరందరును ఎఱుగుదురు. ఉన్నత న్యాయస్థానము మార్చి 15న నిషేధమును సమర్థించినది. సర్వోన్నత న్యాయస్థానములో అక్టోబరు 13న ఇరువురు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి. ఒకరు మతాచారమా కాదా అను ప్రశ్నకంటె బాలికల చదువునే ముందుంచిరి. అధ్యాపకవృత్తిలో ఉన్న మాకు ఆ దృష్టియే దగ్గరగా తోచినది.

ఇచ్చట స్వవిషయము ఒకటి చెప్పుటకు పాఠకుల అనుమతి కోరుచున్నాము. ఎం.ఏ. ముగించి ఉద్యోగమునకై తిరుగు రోజులలో ఒక కళాశాలవారు మా విద్యార్హతలను చూచి సంతోషించి, చివరకు, "తెలుగు పాఠం చెప్పేటప్పుడు ఇది తీసేస్తారు కదమ్మా?" అని మా నూలు దుపట్టాను చూపి అడిగిరి. నన్నయ పద్యమునకు మా దుపట్టా ఏ విధముగా అడ్డమో మాకు తోచలేదు. ఆ ఉద్యోగము రాలేదు. ఆ మరుసటి నెలలో వేరొక సంస్థవారు, "దుపట్టా ఒక్కటేనా? మా దగ్గర పూర్తి బురఖా ఉండాలి" అనిరి. అదియు రాలేదు. మా అమ్మ బురఖా వేసికొనును, అది ఆమె ఇష్టము. మా చెల్లెలు ఏదియు కప్పుకొనదు, నమాజువేళ తప్ప. ముగ్గురమును ఒకే పళ్ళెములో సేమ్యా తినుచున్నాము. ఆ రెండు సంస్థలవారును పరస్పరము విరుద్ధులమని తలంతురు గాని, మాకు మాత్రము ఒకే బల్లకు రెండు ప్రక్కల కూర్చున్నవారి వలె కనిపించిరి. ఇరువురిలో ఎవరును నన్నయను గూర్చి ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు.

ఈ సంగతిని ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొనుటకు కారణము కలదు. మన కళాశాలలో విద్యార్థినుల యూనిఫారమును మార్చు ప్రతిపాదన పాలకవర్గము వారి పరిశీలనలో ఉన్నది. తెల్ల తలగుడ్డ అందరికిని తప్పనిసరి చేయవలెనని కొందరు పెద్దలు సూచించిరి. అట్లయిన ఇతర మతముల విద్యార్థినులు చేరరు, కావున ఎవరికిని వలదని మరికొందరు అనిరి. ఇరువురి ఉద్దేశమును మంచిదే. మన తరగతులలో హిందూ, క్రైస్తవ విద్యార్థినులు కలరు. కప్పుకొను ముస్లిము బాలికలు కలరు, కప్పుకొనని వారును కలరు. మా విన్నపము ఒక్కటియే. యూనిఫారముతోపాటు అదే రంగు గుడ్డ ఒకటిన్నర గజము ప్రతి విద్యార్థినికిని ఇప్పింపుడు. తలకు కట్టుకొనునది కట్టుకొనును, భుజమున వేసికొనునది వేసికొనును, పెట్టెలో దాచుకొనునది దాచుకొనును. హాజరు పట్టీలో ఆ గుడ్డను గూర్చిన గడి లేకున్న చాలును. ఆ గుడ్డను మిల్లునుండి గాక చేనేత సహకార సంఘమునుండి కొన్నచో ఖర్చు కొంత పెరుగును. ఆ పెరుగుదలను భరించుటకు అధ్యాపకవర్గము తరఫున మేము మా వంతు ఇచ్చుటకు సిద్ధముగా ఉన్నాము.

విద్యార్థిని ప్రశ్నకు తిరిగి వత్తము. ఈ వ్యాసమునకై చదివినదానిని ఫిబ్రవరిలో అదే తరగతికి చెప్పితిమి. దాదీ రుమాలును వెంట కొనిపోయితిమి. దాదీ పోయి పదునొకండు సంవత్సరములైనను, విప్పగనే ముందు వరుసకు ఆ వాసన తగిలినది. "ఆముదం!" అని ఒకరు, "కాదు, మా తాత మగ్గం గుంట వాసన" అని ఒక పద్మశాలీల అమ్మాయియు అనిరి. రుమాలు చేతులు మారి వెనుక వరుసకు చేరినది. ప్రశ్న వేసిన విద్యార్థిని దానిని అటునిటు త్రిప్పి చూచి, "మేడం, మీ దాదీ దీన్ని ఎట్లా కట్టుకునేది?" అని అడిగినది. మేము చూచినది కప్పుకొనుట మాత్రమే, కట్టుట మాకు తెలియదని ఒప్పుకొంటిమి. అప్పుడామె దానిని మూలకు మూల మడిచి, తన దుపట్టాపైననే చుట్టి, ముడివేసి, మార్తినీకు స్త్రీల వలె కొనలను పైకి నిలిపినది. తరగతి చప్పట్లు కొట్టినది. ఎన్ని కొనలు నిలిపినదో మాత్రము మేమిచ్చట వ్రాయము.